మన ఊరి కోచ్‌ని నిలుపుకోవడానికి అభిమాని చేయగలిగిన పనులు

నవంబరు మూడో వారం వచ్చిందంటే మా ఇంట్లో నా ఫోన్ మీద పంచాయితీ మొదలవుతుంది. "ఏమండీ, ఆయన ఉంటే ఉంటాడు, పోతే పోతాడు. ముందు అన్నం తినండి" అంటుంది మా ఆవిడ. ఆయనంటే జెఫ్ బ్రోమ్, అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని లూయివిల్ యూనివర్సిటీకి అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్. (ఊరి పేరు ఇక్కడివాళ్ళు "లూవల్" అని సగం మింగేసి పలుకుతారు.) పెద్ద పెద్ద యూనివర్సిటీలు పాత కోచ్‌ని తీసేసి కొత్తాయన కోసం వేట మొదలుపెట్టే కాలం అది. గెలుస్తున్న కోచ్ పేరు ఏదో ఒక జాబితాలో తేలకుండా ఉండదు.

బ్రోమ్ ఈ ఊరివాడు. ట్రినిటీ హైస్కూల్లో ఆడాడు, తర్వాత లూయివిల్‌కి క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ జట్టు దాడిని నడిపే ఆటగాడు) అయ్యాడు. నాన్న ఆస్కార్, తమ్ముడు బ్రయన్ కూడా ఇదే యూనివర్సిటీకి క్వార్టర్‌బ్యాక్‌లు. అందుకే ఆయన వెళ్ళిపోతాడేమో అన్న మాట వస్తే ఊరంతటికీ ఇంట్లో మనిషి పెట్టె సర్దుకుంటున్నట్టు ఉంటుంది. నేను 2006లో ఈ యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీ స్పీడ్ స్కూల్‌లో ఎమ్మెస్ చదవడానికి వచ్చాను. ఇరవై ఏళ్ళుగా ఈ దిగులు నాకు అలవాటే. అమెరికాలో ఇలాంటి కాలేజీ ఊళ్ళల్లో స్థిరపడి, ఆ ఊరి జట్టుని సొంతం చేసుకున్న మనవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

ముందు మనం ఏం కోరుకుంటున్నామో తేల్చుకోవాలి

"ఎప్పటికీ ఉండిపోవాలి" అనుకుంటే గుండెకోత తప్పదు. నేనలాగే అనుకున్నాను, 2006లో. ఆ జులైలో అప్పటి కోచ్ బాబీ పెట్రీనోకి యూనివర్సిటీ 10 ఏళ్ళకు 2 కోట్ల 55 లక్షల డాలర్ల ఒప్పందం ఇచ్చింది. ఆ సీజన్లో బ్రయన్ బ్రోమ్ క్వార్టర్‌బ్యాక్, అన్న జెఫ్ అసిస్టెంట్ కోచ్. జట్టు 12 గెలిచి ఒక్కటే ఓడింది. 2007 జనవరి 2న ఆరెంజ్ బౌల్ (సీజన్ అయ్యాక ఆడే బౌల్ పోటీల్లో పెద్దవాటిలో ఒకటి) గెలిచింది. ఆ వారం తిరక్కుండానే పెట్రీనో ప్రొఫెషనల్ జట్టు అట్లాంటా ఫాల్కన్స్‌కి వెళ్ళిపోయాడు. మేం నలుగురం రూమ్‌మేట్స్ ఒక లాప్‌టాప్ చుట్టూ కూర్చుని ఆ వార్త చదివాం. పదేళ్ళంటే పదేళ్ళు కాదని నాకు తెలిసింది ఆ రాత్రే.

ఇంకో సంగతి. తర్వాత మా కోచ్ అయిన చార్లీ స్ట్రాంగ్ 2012 డిసెంబర్లో టెన్నెసీ యూనివర్సిటీ పిలిస్తే వెళ్ళనన్నాడు. మేం సంబరపడ్డాం. ఏడాది తిరిగాక, 2014 జనవరిలో టెక్సస్‌కి వెళ్ళాడు. ఈ ఏడాది "రాను" అన్నవాడు వచ్చే ఏడాదికి మాటిచ్చినట్టు కాదు. అందుకని ఇప్పుడు నేను ఒక్క సీజన్‌కే కోరుకుంటాను: ఈ సీజన్లో కుర్రాళ్ళకిచ్చిన మాట నిలబెట్టుకోవాలి. ఆ మాట పూర్తయ్యాక వచ్చే ఏడాది సంగతి.

ఇక్కడ నేను బాగా ఆలోచించిన విషయం ఒకటుంది. 2018 నవంబర్లో లూయివిల్ కోచ్ పదవి ఖాళీ అయింది. అందరం బ్రోమ్ వచ్చేస్తాడనుకున్నాం. అప్పుడాయన పర్డ్యూ యూనివర్సిటీ కోచ్‌గా ఉన్నాడు, చేరి రెండేళ్ళే. సొంత ఊరు పిలిచినా రానన్నాడు. ఊళ్ళో చాలామంది నొచ్చుకున్నారు, నేనూ నొచ్చుకున్నాను. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, ఏ గుణం ఆయనలో ఉండాలని మనం దండం పెట్టుకుంటున్నామో ఆ గుణమే ఆ రోజు మనకు అడ్డొచ్చింది. పర్డ్యూని వాళ్ళ లీగ్ బిగ్ టెన్ ఫైనల్ దాకా తీసుకెళ్ళి, నాలుగేళ్ళ తర్వాత 2022 డిసెంబర్లో ఇంటికొచ్చాడు. ఆ రోజు పర్డ్యూ అభిమానుల ఇళ్ళల్లోనూ ఎవరో అన్నం మానేసే ఉంటారు. మనకు విశ్వాసంగా కనిపించేది అవతలివాళ్ళకి విడిచిపెట్టి పోవడంలా కనిపిస్తుంది. ఈ రెండూ ఒకేసారి మనసులో పెట్టుకోగలిగితే నవంబరు సగం తేలికవుతుంది.

ఒప్పందం చదవండి

ప్రభుత్వ యూనివర్సిటీ అయితే కోచ్ ఒప్పందం చాలావరకు ప్రజలు చూడగలిగే పత్రమే. మా రాష్ట్రంలో ఓపెన్ రికార్డ్స్ చట్టం కింద కెంటకీ వాసి ఎవరైనా అడగొచ్చు, 5 పనిదినాల్లో జవాబివ్వాలి. అంత దూరం పోనక్కర్లేకుండా ఊరి పత్రికలే చాలాసార్లు బయటపెడతాయి. బీవైయూ (బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ), నోటర్ డామ్ లాంటి ప్రైవేటు యూనివర్సిటీలకైతే ఈ దారి లేదు.

పత్రం తెరవగానే అందరూ జీతం చూస్తారు. దాన్ని చివరికి వదిలేయండి. ముందు బయౌట్ వెతకండి, అంటే కోచ్ తనంతట తాను మానేస్తే కట్టాల్సిన సొమ్ము. అది సాధారణంగా ఏటా తగ్గుతూ పోతుంది. ఏ తేదీన తగ్గుతుందో కాలెండర్లో రాసుకోండి. పుకార్లు ఆ తేదీ చుట్టూ ఈగల్లా ముసురుతాయి. పెద్ద యూనివర్సిటీ నిజంగా కావాలనుకుంటే ఆ సొమ్ము తనే కట్టేస్తుంది కాబట్టి బయౌట్‌ని కోటగోడ అనుకోవద్దు. చేనుకి వేసిన కంచె లాంటిది, అంతే.

తర్వాత అసిస్టెంట్ కోచ్‌ల జీతాలకు ఎంత కేటాయించారో చూడండి. నా లెక్కలో కోచ్ సొంత జీతం కన్నా ఇదే ముఖ్యం. తన మనుషుల్ని నిలుపుకోలేని చోట ఏ కోచ్ ఎక్కువకాలం ఉండడు. మా దగ్గర దాడి విభాగం కోఆర్డినేటర్ తమ్ముడు బ్రయనే కాబట్టి కాస్త ధైర్యం.

మూడోది ఆటగాళ్ళ సొమ్ము. 2025 జులై నుంచి యూనివర్సిటీలు నేరుగా ఆటగాళ్ళకి డబ్బివ్వొచ్చు. మొదటి ఏడాది పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు, అన్ని క్రీడలకూ కలిపి. "మీ దగ్గర పరిమితి మొత్తం ఖర్చుపెడతారా?" అన్నది ఇప్పుడు ఏ కోచ్ అయినా అడిగే మొదటి ప్రశ్న. మీ అథ్లెటిక్ డైరెక్టర్ (యూనివర్సిటీ క్రీడల విభాగం అధిపతి) అభిమానుల సభ పెడితే మీరూ అదే అడగండి. "కోచ్ ఉంటాడా?" అని అడిగితే "ఆయనంటే మాకెంతో గౌరవం" అన్న జవాబొస్తుంది, అది ఎందుకూ పనికిరాదు.

పుకారు వచ్చిన రోజు

నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఈ వ్యాపారంలో పొగ పెట్టడమే కొందరి జీవనోపాధి. జీతం పెంచుకోవడానికి ఏజెంట్ ఒక పేరు వదులుతాడు. అక్కర్లేని అభ్యర్థి పేరు అడ్డుపెట్టి యూనివర్సిటీ అసలు మనిషితో మాట్లాడుకుంటుంది. అందుకే నేనొక నియమం పెట్టుకున్నాను. రిపోర్టర్ తన పేరుతో, "ఫలానా రోజు కలిశారు" అని రాస్తేనే పట్టించుకుంటాను. "ఆసక్తి చూపిస్తున్నారు" అన్న మాటని వదిలేస్తాను.

కోచ్ నోటిమాట కూడా జాగ్రత్తగా వినాలి. "నేనిక్కడ సంతోషంగా ఉన్నాను" అనేది వర్తమానకాలం, రేపటి గురించి ఏమీ చెప్పదు. ఒప్పందానికి సంతకమైన పొడిగింపు వస్తే అప్పుడు ఊపిరి పీల్చుకోండి. 2025 డిసెంబర్లో పెన్ స్టేట్ కోచ్ కోసం వెతికినప్పుడు బీవైయూ కోచ్ కలానీ సిటాకీ పేరు గట్టిగా వినిపించింది. బీవైయూలోనే ఆడి, అక్కడే కోచ్ అయినవాడు. చివరికి పొడిగింపు తీసుకుని ఉండిపోయాడు. ఆ పదవి అయొవా స్టేట్ కోచ్ మ్యాట్ క్యాంప్‌బెల్‌కి వెళ్ళింది. ఒకే ఖాళీ వల్ల ఒక ఊళ్ళో పండగ, ఇంకో ఊళ్ళో దిగులు.

సీట్లో కూర్చుని చేసే పని

పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు కదా, సొంతూరి కోచ్‌కి ఎదురయ్యే పెద్ద ప్రమాదం అదే. 2025 అక్టోబర్లో మయామీకి వెళ్ళి 24-21తో గెలిచినప్పుడు ఊరంతా "మనవాడు" అంది. నెల తిరక్కుండా సొంత మైదానంలో క్లెమ్సన్ చేతిలో 20-19తో ఓడాం. ఒక్క పాయింటు. ఆ శుక్రవారం రాత్రి మా వెనక వరసలో ఒకాయన కోచ్‌ని పేరుపెట్టి, చిన్నప్పటినుంచి తెలిసిన చనువుతో తిట్టడం మొదలుపెట్టాడు. నా పక్క సీటు పెద్దాయన నా పుట్టుకకు ముందునుంచీ ఈ జట్టుని చూస్తున్నారు. ఆయన వెనక్కి తిరగలేదు. మోకాళ్ళ మీద దుప్పటి సర్దుకుంటూ నాతో మెల్లగా అన్నారు: "బయటివాడైతే ఇతను ఇంత తిట్టేవాడు కాదు. మనవాడు కదా, అందుకే లోకువ."

ఆ మాట నన్ను పట్టుకుంది. కోచ్‌లు వెళ్ళేది డబ్బు కోసమే కాదు. ఆయన అమ్మానాన్నలు, అన్నదమ్ములు, చిన్ననాటి స్నేహితులు తిరిగే ఊరిది. ఆయన మీద పడ్డ ప్రతి మాటా వాళ్ళ చెవిన పడుతుంది. బయటి ఊరి కోచ్ తలుపేసుకుంటే అయిపోతుంది, ఇతనికి వేసుకోవడానికి తలుపు లేదు. కాబట్టి ఓడిన రాత్రి ఆటని విమర్శించండి, నాలుగో డౌన్ (ఆఖరి ప్రయత్నం) నిర్ణయాన్ని గంటసేపు ఉతకండి, నేనూ ఉతుకుతాను. ఇంటివాళ్ళ జోలికి మాత్రం పోకండి. వాళ్ళు షాపులో కనిపిస్తే "ఉంటారా అండీ?" అని అడగకండి.

ఇంకా, నాలుగో క్వార్టర్ దాకా సీట్లో ఉండండి. కొత్త ఆటగాడిని యూనివర్సిటీ చూడ్డానికి పిలిచేది ఆట రోజే. ఖాళీ బెంచీలు ఆ కుర్రాడూ చూస్తాడు, కోచూ చూస్తాడు. సీజన్ టికెట్ రెన్యువల్‌కి పుకార్లు తేలేదాకా ఆగుదామనిపిస్తుంది. ఆగొద్దు, ముందే కట్టేయండి. డబ్బొస్తుందన్న నమ్మకం ఉంటేనే అథ్లెటిక్ డైరెక్టర్ ధైర్యంగా పొడిగింపు ఇస్తాడు.

మాట నిలబెట్టుకోవాల్సింది కోచ్ ఒక్కడే కాదన్నది కూడా మర్చిపోవద్దు. మైక్ గండీ ఓక్లహోమా స్టేట్‌కి క్వార్టర్‌బ్యాక్‌గా ఆడి, 2005 నుంచి అక్కడే కోచ్‌గా ఉన్నాడు. 2025 సెప్టెంబర్లో మూడు ఆటలయ్యాక తీసేశారు. స్కాట్ ఫ్రాస్ట్ సొంత నెబ్రాస్కాకి దేవుడిలా వచ్చి, 2022లో సీజన్ మధ్యలో వెళ్ళాల్సి వచ్చింది. తీసేయడం తప్పని నేననను, ఓటములు ఓటములే. కాకపోతే "నువ్వు మమ్మల్ని వదలకూడదు" అని కోచ్‌ని అడిగే ముందు, "మేం నిన్ను ఎన్ని ఓటముల దాకా వదలం?" అన్న ప్రశ్నకి మీ దగ్గర జవాబుండాలి. నాకైతే రెండు చెడ్డ సీజన్లు. రాసిపెట్టుకున్నాను.

వెళ్ళిపోతే

బౌల్ గేమ్ తప్పకుండా చూడండి. 2022 డిసెంబర్లో అప్పటి కోచ్ స్కాట్ శాటర్‌ఫీల్డ్ సిన్సినాటికి వెళ్ళాడు. రెండు వారాలు కూడా కాకముందే, 17న బోస్టన్ ఫెన్‌వే పార్క్‌లో మా జట్టు ఆడాల్సింది ఆ సిన్సినాటితోనే. బ్రోమ్ పేరు అప్పటికే ప్రకటించారు, కానీ ఆ రోజు జట్టుని నడిపింది లూయివిల్ పాత ఆటగాడు, ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఫైనల్ సూపర్ బౌల్‌లో ఉత్తమ ఆటగాడు (ఎమ్వీపీ) అయిన డియాన్ బ్రాంచ్. మా పాపకి అప్పుడు ఆరేళ్ళు. బేస్‌బాల్ మైదానంలో గీసిన ఫుట్‌బాల్ గీతల్ని టీవీలో వింతగా చూస్తూ అడిగింది, "నాన్నా, మన కోచ్ ఏడీ?"

"పాతాయన వెళ్ళాడు, కొత్తాయన ఇంకా రాలేదు. ఇవాళ్టికి ఆయనే" అని బ్రాంచ్‌ని చూపించాను.

24-7తో గెలిచాం. పాప సోఫా ఎక్కి బొటనవేలు, చూపుడువేలు చాచి ఎల్ గుర్తు చూపించింది, ఎడమచేత్తో తిరగేసి. నేను సరిచేయలేదు.