మంట లేకుండా డప్పు కాచుకోవాలంటే

వానాకాలంలో వీకెండ్ డప్పు వర్క్‌షాప్‌కి వెళ్లేవాళ్లకు ఈ ఇబ్బంది తెలిసిందే. ముసురుకి తోలు మెత్తబడి, చిర్రతో ఎంత గట్టిగా కొట్టినా మోత రాదు. ఊళ్లో అయితే నాలుగు గడ్డిపరకలు మంటేసి కాచుకుంటాం. అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో అగ్గిపుల్ల కూడా గీయనివ్వరు.

బ్యాగులో ఒక హెయిర్ డ్రయర్ పెట్టుకెళ్లండి. మీడియం వేడిలో, డప్పు వెనకవైపు నుంచి అడుగు దూరంలో పట్టుకోండి. ముందు చెక్క కట్టు వెంబడి గుండ్రంగా తిప్పుతూ, మెల్లగా మధ్యకు రావాలి. ఒకే చోట ఆపొద్దు. మామూలు చెమ్మకైతే మూడు నాలుగు నిమిషాలు చాలు. తోలు మీద అరచెయ్యి పెడితే గోరువెచ్చగా ఉండాలి, చురుక్కుమనకూడదు. మధ్యమధ్యలో సన్నపుల్లతో అంచు దగ్గర తట్టి వినండి, ఖంగుమనగానే ఆపేయండి. ఇంకాస్త బిగిస్తే బాగుంటుందనిపిస్తుంది గానీ, అలా బిగించిన తోలు వాయిస్తుండగానే పగలొచ్చు.

వాయించే కొద్దీ మళ్లీ సడలుతుంది కాబట్టి టీ బ్రేక్‌లో ఇంకో నిమిషం పట్టండి. పదిమందికీ ఒక్క డ్రయర్ సరిపోతుంది. ముందు కొత్తగా నేర్చుకునేవాళ్ల డప్పులు కాచి ఇవ్వండి, పాపం మోత రావట్లేదని వాళ్లే ఎక్కువ బలం పెట్టి మణికట్టు నొప్పి తెచ్చుకుంటారు.

వానలో బాగా తడిసిన డప్పుకు మాత్రం ఇది పనికిరాదు. తడి తోలుకు వేడి తగిలితే ఒకచోట ముడుచుకుని అంచు దగ్గర చిరుగుతుంది. దాన్ని రాత్రంతా నీడలో, ఫ్యాను గాలికి ఆరనిచ్చాకే డ్రయర్ పట్టండి.