పిల్లలతో కష్టమైన మాటలు – మూడవ పాఠం: "మన చర్చిలో కూడా బాంబు పేలుతుందా?"

గత రెండు పాఠాల్లో పెద్దవాళ్ల సంగతి చూశాం. దుర్వార్త తెలిసినప్పుడు ముందు మనం కుదుటపడడం, ఇంట్లో టీవీ కట్టేయడం నేర్చుకున్నాం. ఇప్పుడు అసలు ఘట్టానికి వద్దాం. పిల్లవాడు అడిగేశాడు. ఏం చెప్పాలి?

నిజంగా జరిగిన సంఘటననే తీసుకుందాం. 2019 ఏప్రిల్ 21, ఈస్టర్ ఆదివారం. శ్రీలంకలో మూడు చర్చిల మీద, కొలంబోలోని మూడు పెద్ద హోటళ్ల మీద ఆత్మాహుతి దాడులు జరిగాయి. కొలంబోలో సెయింట్ ఆంథోనీ చర్చి, నెగొంబోలో సెయింట్ సెబాస్టియన్ చర్చి, తూర్పు తీరాన బట్టికలోవాలో జియోన్ చర్చి. ఆ రోజు దాడుల్లో 250 మందికి పైగా చనిపోయారు. జియోన్ చర్చిలో పోయినవాళ్లలో సండే స్కూల్ పిల్లలూ ఉన్నారు. అదే పండుగ, అవే పాటలు, అలాంటి కొత్త బట్టలే. అందుకే ఆ వార్త మన పిల్లలకు పరాయి దేశపు వార్తలా అనిపించదు.

ఏడేళ్ల బాబు అడిగాడనుకోండి.

"అమ్మా, చర్చిలో బాంబు పెట్టారంట కదా?"

"అవును నాన్నా. నీకెవరు చెప్పారు?"

"స్కూల్ బస్సులో అన్నారు."

"ఏమన్నారు?"

"పిల్లలు కూడా చచ్చిపోయారంట."

"అవును. కొంతమంది పిల్లలు కూడా చనిపోయారు. నాకు చాలా బాధగా ఉంది."

ఆ తల్లి ఇక్కడ ఆగింది. ఈ పాఠంలో అన్నిటికంటే కష్టమైన పని అదే. మనకు నోరు ఊరుకోదు, వెంటనే ఒక వాక్యం చెప్పేసి, ప్రార్థన చేసేసి విషయం ముగించాలనిపిస్తుంది. కాసేపు ఓపిక పట్టండి. వాడి మనసులో ఉన్న అసలు ప్రశ్న అప్పుడు బయటికొస్తుంది: "మన చర్చిలో కూడా పేలుతుందా?"

"ఛ, మనకేం కాదు, యేసయ్య కాపాడతాడు" అనకండి. ఆ పిల్లలూ యేసయ్యకు ప్రార్థన చేసినవాళ్లే. ఈ రోజు కాకపోయినా పదేళ్లకైనా మన బిడ్డకు ఆ సంగతి తడుతుంది. 91వ కీర్తన చదవండి, తప్పకుండా చదవండి. కానీ అదే కీర్తనను ఎత్తి చూపి దేవాలయ శిఖరం మీద నుంచి దూకమన్నది సాతాను అని, యేసు దూకలేదని కూడా మనం గుర్తుంచుకోవాలి. బాబుకు ఇలా చెప్పొచ్చు: "అలాంటివి చాలా అరుదుగా జరుగుతాయి. మన చర్చిలో పెద్దవాళ్లు కనిపెట్టుకుని ఉంటారు. భయమేస్తే నా పక్కనే కూర్చో, నీ చెయ్యి నేను పట్టుకుంటా." ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు.

మన ఇళ్లలో అలవాటుగా వచ్చే కొన్ని మాటలు పిల్లలకు వేరేలా చేరతాయి. "ప్రభువునందు నిద్రించారు" అంటే నాలుగేళ్ల పాప రాత్రి పడుకోవడానికి భయపడుతుంది. "మంచివాళ్లను దేవుడు త్వరగా తీసుకెళ్లిపోతాడు" అంటే మంచిగా ఉండడానికే భయపడుతుంది. చిన్నపిల్లలకు "చనిపోయారు, ఇక తిరిగి రారు, వాళ్ల శరీరం ఇప్పుడు పనిచేయదు" అని తేట మాటల్లోనే చెప్పాలి. పునరుత్థాన నిరీక్షణ ఆ తర్వాత చెప్పండి. చావు అంటే ఏమిటో తెలియని బిడ్డకు లేపబడడం ఎలా అర్థమవుతుంది?

"దేవుడు ఎందుకు ఆపలేదు?" అని అడిగితే "నాకు తెలియదు" అనడానికి సిగ్గుపడకండి. అయితే మనకు తెలిసినవి కొన్ని ఉన్నాయి. సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు, వాళ్లు మిగతావాళ్లకంటే పాపులు కారని యేసే చెప్పాడు (లూకా 13). లాజరును కాసేపట్లో లేపబోతున్నానని తెలిసి కూడా సమాధి దగ్గర ఏడ్చాడు (యోహాను 11). ఈ రెండు సంగతులు పిల్లలకు కథలా చెప్పండి. 13వ కీర్తనలో దావీదు దేవుణ్ణి "ఎన్నాళ్లు?" అని నిలదీస్తాడు. బిడ్డ కూడా అలాగే కోపంగా ప్రార్థిస్తే ఆపకండి.

"ఎవరు చేశారు?" అన్న ప్రశ్న దగ్గర మరీ జాగ్రత్తగా ఉండాలి. శ్రీలంకలో ఆ పని చేసింది ఇస్లాం పేరు చెప్పుకున్న ఒక స్థానిక తీవ్రవాద ముఠా. తర్వాతి నెలలో అక్కడ ముస్లింల ఇళ్ల మీద, దుకాణాల మీద దాడులు జరిగాయి. ప్రతీకారం వద్దని కొలంబో కార్డినల్ మాల్కమ్ రంజిత్ వేడుకున్నారు. మన బాబుకు ఇంత చాలు: "ఒక ముఠా చేసింది. అది ఘోరమైన తప్పు. మీ క్లాసులోని ముస్లిం అబ్బాయి చేయలేదు, వాళ్ల అమ్మానాన్నలూ చేయలేదు." ఆ తర్వాత మీరు ఫోన్లో బంధువులతో మాట్లాడేటప్పుడు నోరు జారకండి. పిల్లలు మనం చెప్పింది ఎంత వింటారో, పక్క గదిలో నుంచి అంతకంటే ఎక్కువ వింటారు.

ధైర్యం చేసిన మనుషుల గురించి కూడా చెప్పండి. జియోన్ చర్చి దగ్గర బరువైన సంచితో వచ్చిన ఆ అపరిచితుణ్ణి అనుమానించి, లోపలికి రానివ్వకుండా బయటే ఆపినాయన ఒక సంఘ సభ్యుడు. ఆయన చనిపోయాడు, లోపలున్న ఎందరో బతికారు.

ఐదేళ్ల లోపు పిల్లలకైతే ఇవన్నీ అక్కర్లేదు. రెండు వాక్యాలు, ఒడిలో చోటు చాలు. టీవీలో అదే దృశ్యం మళ్లీ మళ్లీ వస్తే వాళ్లు ప్రతిసారీ కొత్తగా జరుగుతోందనుకుంటారు.

కొన్నాళ్లు పక్క తడపడం, కడుపునొప్పి అనడం, అమ్మను వదలకపోవడం మామూలే. నెల దాటినా తగ్గకపోతే పిల్లల డాక్టరుకు చూపించండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ అయిన టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. అలా ఫోన్ చేయడం విశ్వాసం లేకపోవడం కాదు.

ఈ వారం అభ్యాసం: భార్యాభర్తలు ఇద్దరూ కూర్చుని, ఒకరు బిడ్డలా ప్రశ్న అడగండి, రెండోవాళ్లు జవాబు చెప్పండి. జవాబు రెండు వాక్యాలు దాటకూడదు. ఆ తర్వాత ఇద్దరూ స్థానాలు మార్చుకోండి. "మన చర్చిలో కూడా పేలుతుందా?" అన్న ప్రశ్నకు మీ ఇంటి మాటల్లో ఒక జవాబు రాసిపెట్టుకోండి. నాలుగో పాఠంలో దానితోనే మొదలుపెట్టి, దుఃఖంలో పిల్లలతో కలిసి చేసే కుటుంబ ప్రార్థన గురించి చూద్దాం.