కొత్త ఇంకు పెన్ను గీకుతోందా? పాళీని రుద్దే ముందు ఇది చదవండి

మొన్న ఒకాయన తన కొత్త పెన్ను తెచ్చి నా ముందు పెట్టారు. లేత్ మీద తిప్పి చేసిన నల్లటి ఎబొనైట్ (గట్టిపరచిన రబ్బరు) పెన్ను, కొని పది రోజులు కూడా కాలేదు. మూత తీసి భూతద్దంలో చూస్తే పాళీ మొన ఒక పక్క బల్లపరుపుగా అరిగిపోయి ఉంది. “మొదటి రోజు నుంచీ గీకుతోందండీ, అందుకని గచ్చు మీద ఎనిమిది అంకె చుడుతూ కాసేపు రుద్దాను” అన్నారు. ఆ మాట కూడా పెన్నుకు పెద్ద సేవ చేసినట్టే చెప్పారు. ఎవరు నేర్పారని అడిగితే వాళ్ళ నాన్నగారట. నాన్నగారి రోజుల్లో పాళీ చిల్లర డబ్బులకు దొరికేది, అరిగితే పీకేసి ఇంకొకటి వేయించుకునేవారు. ఇప్పుడు మంచి పాళీ ఒక్కదాని ధరకు అప్పటి పెన్నులు డజను వచ్చేవి.

కొత్త పెన్ను గీకితే చాలామట్టుకు తప్పు మొన గరుకులో ఉండదు. పాళీ చీలికకు రెండు పక్కలా ఉండే రెక్కలు ఎగుడుదిగుడుగా ఉండడం వల్లో, లోపల నూనె జిడ్డు మిగిలి ఇంకు సరిగ్గా దిగకపోవడం వల్లో గీకుతుంది. రుద్దితే ఈ రెండింటిలో ఏదీ పోదు. ముందు కడగాలి, తర్వాత రెక్కలు సరిచేయాలి, ఆ తర్వాతే ఇంకు నింపాలి. ఈ వరుస మార్చకండి.

కావలసినవి

కంసాలులు కంటికి పెట్టుకునే పది రెట్ల భూతద్దం, గిన్నెలు తోమే ద్రవం ఒక చుక్క, మెత్తటి నూలు గుడ్డ, డ్రాపరు, కాస్త సిలికాన్ గ్రీజు, ఒక సీసా ఇంకు. గ్రీజు గడియారాలు బాగుచేసే వాళ్ళ దగ్గర అడగండి. ఇంట్లో గరుకు కాగితం ఉంటే ఈ పని అయ్యేదాకా ఎవరికైనా ఇచ్చి దాచమనండి.

పెన్నును తేరిపార చూడండి

నేను ఇక్కడ చెప్పేదంతా రాజమండ్రి తరహా పెన్నుల గురించి. 1932 నుంచి రత్నం పెన్నులు చేస్తున్న ఊరు అది. గాంధీజీ వారి పెన్నుతో రాసి చూసి, బజారులో కనిపించే విదేశీ పెన్నులకు ఇది మంచి ప్రత్యామ్నాయంగా ఉందని 1935లో ఉత్తరం రాశారు. ఎబొనైట్ అంటే గంధకం కలిపి గట్టిపరచిన రబ్బరు. వేలితో గట్టిగా రుద్ది వాసన చూస్తే గంధకం తెలుస్తుంది. లోహపు పెన్నులా చేతికి చల్లగా తగలదు. నాకు ఈ పెన్నులు నచ్చడానికి సగం కారణం అదే.

వెలుతురులో అడ్డంగా పట్టుకుని తిప్పుతూ చూడండి. లేత్ గీతలు సన్నగా కనిపిస్తే అది లోపం కాదు, చేతిపని గుర్తు. మూత బిగిస్తే చివరిదాకా ఒకే బిగువుతో తిరగాలి, మధ్యలో పట్టేయకూడదు. మరలు బిగించే చోట పగులు ఉంటే వెంటనే వెనక్కి ఇచ్చేయండి, దానికి వైద్యం లేదు. మెరుగు తగ్గినట్టుంటే గుడ్డతో తుడవండి, అంతే. ఎండలో మాత్రం ఉంచకండి, నలుపు క్రమంగా గోధుమ రంగుకు తిరుగుతుంది.

పాళీ విషయంలో ఒక్క మాట. తెలుగు రాసేవాళ్ళు సన్న పాళీయే తీసుకోవాలి. ‘రాష్ట్రం’, ‘స్వాతంత్ర్యం’ లాంటి మాటల్లో అక్షరం కింద ఒత్తు, ఒత్తు పక్కన మరో ఒత్తు పడతాయి. లావు పాళీతో రాస్తే అవన్నీ ఒకే మరకవుతాయి. లావు పాళీకి రాతలో నిండుదనం ఉంటుందని వాదించేవారు ఇంగ్లీషులో సంతకాలు పెట్టుకోవచ్చు. జపాను పాళీల మీద సన్నం అని ఉంటే అది ఐరోపా వారి సన్నం కంటే ఇంకా సన్నం. కొనేటప్పుడు ఆ తేడా గుర్తుంచుకోండి.

కడగడం

పాళీ ఉన్న మెడ భాగాన్ని విప్పి, గిన్నెలో చల్లటి నీళ్ళు పోసి, ద్రవం ఒక చుక్క కలిపి, డ్రాపరుతో వెనక నుంచి పదిసార్లు నీళ్ళు ఎక్కించండి. తర్వాత మంచినీళ్ళతో నురుగు పోయేదాకా కడగండి. బోరు నీళ్ళు వద్దు, ఉప్పు తేలిపోతుంది. వేడినీళ్ళు అసలే వద్దు. ఎబొనైట్ మెత్తబడుతుంది, మెరుపు పోతుంది. గుడ్డ మీద పాళీ కిందికి ఉండేలా ఆనించి రాత్రంతా ఆరనివ్వండి.

రెక్కలు సరిచేయడం: ఇక్కడ తొందరపడితే పాళీ పోతుంది

పాళీ మధ్యలో ఒక చీలిక ఉంటుంది. దాని రెండు పక్కలా ఉన్న భాగాలను రెక్కలు అంటాను. చివర ఒక చిన్న గట్టి లోహపు బొట్టు ఉంటుంది. పాళీ మీద ఇరీడియం అని చెక్కి ఉన్నా ఇప్పుడు ఆ బొట్టులో ఎక్కువగా ఇతర గట్టి లోహాల మిశ్రమమే ఉంటుంది. చీలిక ఆ బొట్టును కూడా రెండుగా కోస్తుంది. పెన్ను బాగుంటే ఆ రెండు ముక్కలు శనగ గింజలోని రెండు బద్దల్లా సమానంగా అతుక్కుని కనిపించాలి. ఒకటి వెంట్రుకవాసి కిందికి దిగినా కాగితం దాని లోపలి అంచుకు తగులుతుంది. మీరు గీకడం అంటున్నది దాన్నే.

ముందు ఏ రెక్క దిగిందో కనిపెట్టాలి. కిటికీ దగ్గర పగటి వెలుతురులో కూర్చోండి. ట్యూబులైటు కింద రాత్రి పదకొండింటికి చేసే పని కాదిది. పాళీ పై ముఖం ఆకాశం వైపు ఉండేలా పట్టుకుని, మొన మీ కంటికి ఎదురుగా వచ్చేలా తిప్పి భూతద్దంలో చూడండి. అలవాటు లేని కంటికి మొదటి నాలుగైదు సార్లు ఏమీ తెలియదు, కంగారు పడకండి.

కంటితో తేలకపోతే సున్నాలు చుట్టండి. ఇది నా పద్ధతి, పుస్తకాల్లో చెప్పే అడ్డగీతల పరీక్ష కంటే మేలైనది. పాళీని ఇంకులో ఒకసారి ముంచి, చెయ్యి బరువు వేయకుండా, పై నుంచి ఎడమకు మొదలుపెట్టి కిందికి, అక్కడి నుంచి కుడికి, మళ్ళీ పైకి, పెద్ద సున్నా చుట్టండి. అలాంటివి ఒక ఇరవై. సున్నా కింది భాగంలో, అంటే చెయ్యి ఎడమ నుంచి కుడికి కదిలేటప్పుడు గీకితే ఎడమ రెక్క దిగింది. పై భాగంలో, కుడి నుంచి ఎడమకు పోయేటప్పుడు గీకితే కుడి రెక్క దిగింది. ఎడమ, కుడి అంటే రాసేటప్పుడు పై నుంచి మీకు కనిపించే ఎడమ, కుడి. సున్నా అంతా ఒకేలా గీకితే ముందు కాగితం మార్చి చూడండి. చాలాసార్లు నేరం కాగితానిదే.

మన లిపికి ఈ పరీక్ష మరీ ముఖ్యం. ఇంగ్లీషు రాతలో గీతలు చాలావరకు కిందికీ పక్కకూ పోతాయి. మనకు గుడి ఉంది, సుడి ఉంది, కొమ్ము ఉంది, తలకట్టు చివర పాళీ పైకి ఎగరాలి. ఇంగ్లీషులో సాఫీగా నడిచిన పెన్ను ‘ఋ’ దగ్గరా ‘ఞ’ దగ్గరా మొరాయించడం నేను ఎన్నోసార్లు చూశాను. దుకాణంలో పరీక్షకు కాగితం ఇస్తే అందరూ ఇంగ్లీషులో సంతకం పెట్టి బాగుందంటారు. అక్కడ సంతకం కాదు, ‘ఋణం’ అని రాసి చూడాలి.

ఇప్పుడు అసలు పని. దిగిన రెక్క కిందకు బొటనవేలి గోరు చేర్చండి, మొనకు రెండు మూడు మిల్లీమీటర్ల వెనక. మెల్లగా పైకి లేపండి. రెండో రెక్క మట్టాన్ని కొంచెం దాటే వరకు లేపి, రెండు సెకన్లు పట్టుకుని వదలండి. స్టీలు వెనక్కి తిరిగి వస్తుంది. ఎంత లేపితే ఎంత నిలిచిందో భూతద్దంలో చూడండి. చాలకపోతే మళ్ళీ, ఈసారి కాస్తంత ఎక్కువ. ఒక్కసారి లేపాక ఒక్కసారి చూడాలి. చూడకుండా రెండోసారి లేపకూడదు.

మూడు నాలుగు ప్రయత్నాల్లో రావాలి. రాకపోతే పెన్ను పక్కన పెట్టి లేచి టీ తాగండి. అదే చోట పదే పదే వంచితే లోహం అలిసిపోతుంది, తర్వాత ఏ మట్టంలోనూ నిలవదు. బంగారు పాళీ అయితే ఇంకా జాగ్రత్త. 14 క్యారెట్లంటే 58.5 శాతం బంగారం. స్టీలులా గట్టిగా ఎదురు తిరగదు, సగం బలానికే లొంగి వంగినట్టే ఉండిపోతుంది.

పట్టకారు వాడకండి. ఈ వాక్యం రెండుసార్లు చదవండి. నా చేతిలో పోయిన మొదటి పాళీ పట్టకారుతోనే పోయింది. అది మా మేనమామది, ఆయన ఊరెళ్ళినప్పుడు బాగుచేసి పెడదామనుకున్నాను. ఒక రెక్క పైకి లేపబోతే రెండో రెక్క మీదికి ఎక్కి కూర్చుంది, కాలు మీద కాలు వేసుకున్న మనిషిలా. విడదీయబోతే మొన బొట్టు టిక్కుమని ఎగిరిపోయింది. చాప కింద, గడప సందున, పొద్దుపోయేదాకా వెతికాను. ఆవగింజలో పదో వంతు ఉంటుంది, ఎక్కడ దొరుకుతుంది? ఆయన తిరిగొచ్చి ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ బాధపెట్టింది.

రెక్కలు సమానమయ్యాక పాళీని వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చీలికను చూడండి. మధ్య రంధ్రం దగ్గర కాస్త వెడల్పుగా మొదలై మొన దగ్గరికి వచ్చేసరికి వెంట్రుకంత సన్నబడాలి. కేశనాళికా చర్య అని స్కూల్లో చదువుకున్నదే ఇక్కడ పనిచేస్తుంది. సందు సన్నబడే కొద్దీ ఇంకు అటే లాక్కుపోతుంది. మొన దగ్గరే వెడల్పుగా ఉంటే ఇంకు వెనకే ఆగిపోతుంది. అసలు సందే కనిపించకపోతే 0.05 మిల్లీమీటరు ఇత్తడి రేకును రంధ్రం వైపు నుంచి మొన వైపుకు ఒకటి రెండుసార్లు లాగండి. సగం బ్లేడు దూర్చడం మన పాత అలవాటు. బ్లేడు మందం దానికి రెట్టింపు, పైగా అంచు పదును. చీలిక లోపలి గోడల్ని చెక్కేస్తుంది.

ఇంత చేశాక కూడా గరుకు మిగిలిందా? అప్పుడు మాత్రమే పన్నెండు వేల నంబరు మెత్తటి మెరుగు పట్టీ మీద, నీటి చుక్క వేసి, ఐదు సున్నాలు చుట్టండి. ఐదంటే ఐదే. ఎక్కువ రుద్దితే చీలిక అంచులు లోపలికి గుండ్రంగా అరిగిపోతాయి. మొన అద్దంలా జారుతుంది కానీ ఇంకు కాగితానికి వెంట్రుకవాసి పైనే ఆగిపోతుంది. ప్రతి మాటలో మొదటి గీత పడదు. గీకే పెన్నుతో రాయవచ్చు, మొదటి అక్షరం మింగేసే పెన్నుతో రాయలేం.

నాలుక, గ్రీజు, ఇంకు

పాళీ కింద ఉండే నాలుక దానికి ఆనుకుని ఉండాలి, మధ్యలో సందు కనిపించకూడదు. నాలుక గాడి, పాళీ చీలిక ఒకే వరుసలోకి రావాలి. నాలుక కొస మొనకు బియ్యపు గింజ పొడవు కంటే కాస్త తక్కువ దూరంలో ఉంటే నాకు తృప్తి. కదిలించాల్సి వస్తే రెండింటినీ కలిపి రబ్బరు ముక్కతో పట్టుకుని తిన్నగా లాగండి, మెలిపెట్టకండి.

మెడ మరల మీద గ్రీజు అగ్గిపుల్ల తలంత రాస్తే చాలు. వ్యాజిలీన్ వద్దు, లోపల రబ్బరు వాషరు ఉంటే ఉబ్బి పాడవుతుంది. ఇక డ్రాపరుతో పెన్ను గొట్టంలో ఇంకు పోయండి, మరలకు అర అంగుళం కింద ఆపండి. బొమ్మలు వేసే ఇండియన్ ఇంకు పొరపాటున కూడా పోయకండి, అది ఎండితే లోపల లక్కలా బిగుసుకుంటుంది. మొదటి నెల మామూలు నీలం ఇంకే వాడండి. ఎందుకంటారా, కడిగితే పోతుంది కాబట్టి. ఆకుపచ్చ కావాలనుకునే వారు గెజిటెడ్ అధికారి అయ్యాక చూసుకోవచ్చు.

ఇంకు నింపే వచ్చే ప్లాస్టిక్ గొట్టం, అదే కార్ట్రిడ్జి, శుభ్రంగా ఉంటుంది కదా అంటారు. చిన్న కార్ట్రిడ్జిలో ఒక మిల్లీలీటరు ఇంకు కూడా పట్టదు. మన పెన్ను గొట్టంలో సులువుగా రెండు మూడు మిల్లీలీటర్లు పడుతుంది. వారం రాసుకోవచ్చు.

మొదటి పది పేజీలు తెలుగులోనే, నెమ్మదిగా, ఒకే కోణంలో పట్టుకుని రాయండి. పేజీ పేజీకి పాళీ జోలికి వెళ్ళకండి. ఇంకొక సంగతి: గొట్టంలో ఇంకు మూడో వంతుకు తగ్గితే చేతి వేడికి లోపలి గాలి వ్యాకోచించి ఇంకును బయటికి తోస్తుంది. కాగితం మీద చుక్క పడుతుంది. అది లీకు కాదు, దుకాణదారుతో పోట్లాడకండి. చిన్నప్పుడు సుద్దముక్క ఆనించి ఆ చుక్కను పీల్పించేవాళ్ళం. ఇప్పుడు సుద్దముక్క దొరకకపోతే మూడో వంతు దగ్గరికి రాగానే మళ్ళీ నింపండి, జేబులో పెట్టేటప్పుడు పాళీ పైకి ఉండేలా పెట్టుకోండి.