పాత మినీ ట్రాక్టరు, కొత్త యజమాని: లక్షణాన్ని బట్టి లోపాన్ని పట్టుకోవడం

బత్తాయి చెట్లు ఎదిగి కొమ్మలు కిందికి వాలిన తరువాత వాటి వరుసల మధ్య ఇబ్బంది లేకుండా తిరగగలిగేది మినీ ట్రాక్టరే. నల్లగొండ జిల్లాలోని మా తోట కోసం 24 హార్స్ పవర్ గల, మూడు సిలిండర్ల, నాలుగు చక్రాల డ్రైవు ఉన్న బండిని సెకండ్ హ్యాండులో కొన్నాము. మొదటి రెండు నెలల్లో అది ఐదుసార్లు "చెడిపోయింది". వాటిలో రెండింటికి మాత్రమే పానా పట్టవలసి వచ్చింది. మిగిలిన మూడింటిలో లోపం బండిది కాదు, ఏ లీవరు ఏ పని చేస్తుందో, ఏ జాలీని ఎప్పుడు కడగాలో తెలియని మాది. అందువల్ల ఈ వ్యాసంలో ప్రతి లక్షణానికీ ఖర్చు లేని కారణాన్ని ముందు చెప్పి, విప్పవలసిన కారణాన్ని తరువాత చెబుతున్నాను.

ఏ లోపాన్ని వెతకడానికైనా ముందు చేయవలసిన పని ఒకటి ఉంది. పాత యజమాని ఏ ఆయిలు పోశాడో, ఎప్పుడు పోశాడో మనకు తెలియదు కనుక ఇంజను ఆయిలును, ఆయిలు ఫిల్టరును, డీజిలు ఫిల్టరును కొన్న వారంలోనే మార్చివేయడం మేలు. ఇంజను ఆయిలును వదిలే ముందు గేజీ పుల్లను తీసి చూడండి. ఆయిలు మజ్జిగలా తెల్లబారితే అందులో నీరు కలిసిందని అర్థం. ఆయిలు మట్టం పై గీతను దాటి, డీజిలు వాసన వస్తుంటే ట్యాంకు నుండి డీజిలును లాగే ఫీడ్ పంపు నుండో, దాన్ని ఒత్తిడితో పంపే ఇంజక్షన్ పంపు సీలు నుండో, సిలిండరులోకి చిమ్మే ఇంజక్టరు సరిగా మూసుకోకపోతే దాని నుండో డీజిలు ఆయిలులోకి దిగుతున్నదని అర్థం. "ఆయిలు నిండుగా ఉంది" అని సంతోషించవలసిన విషయం కాదది, ఎందుకంటే పలచబడిన ఆయిలు బేరింగులను తినేస్తుంది. ఇంజను నంబరును, ఛాసిస్ నంబరును కూడా అప్పుడే రాసి పెట్టుకోండి. ఒకే మోడలు పేరుతో వచ్చిన బండ్లలో కూడా సంవత్సరాన్ని బట్టి విడిభాగాలు మారుతుంటాయి, స్పేర్ పార్టుల దుకాణంలో మొదట అడిగేదీ ఆ నంబర్లే.

తాళం తిప్పితే సెల్ఫ్ తిరగదు

మా బండి రెండో రోజే ఇలా చేసింది. బ్యాటరీ పోయిందనుకొని పక్క ఊరి నుండి మరొకటి తెప్పించాము, దానితోనూ తిరగలేదు. పీటీవో (వెనుక పనిముట్టును తిప్పే షాఫ్టు) లీవరు న్యూట్రల్‌లో లేకపోవడమే కారణం. క్లచ్చు పూర్తిగా తొక్కనిదే, పీటీవో విడిపించనిదే సెల్ఫ్‌కు కరెంటు అందకుండా చాలా మినీ ట్రాక్టర్లలో రక్షణ స్విచ్చులు ఉంటాయి. కాబట్టి గేరును, హై-లో లీవరును, పీటీవోను న్యూట్రల్‌కు తెచ్చి, క్లచ్చును అడుగంటా తొక్కి, ఆ తరువాతే తాళం తిప్పాలి. కొందరు విసుగుతో ఆ స్విచ్చు వైర్లను కత్తిరించి నేరుగా కలిపేస్తారు. మీరు కొన్న బండిలో అలా చేసి ఉంటే ముందుగా దాన్ని బాగు చేయించండి, ఎందుకంటే పీటీవో పట్టి ఉండగా సెల్ఫ్ తిరిగితే వెనుక నిలబడిన మనిషికి రొటావేటరు బ్లేళ్లు తగులుతాయి.

లీవర్లన్నీ సరిగా ఉండి కూడా "టక్" మని ఒక్క చప్పుడే వస్తుంటే బ్యాటరీ దగ్గరకు వెళ్లాలి. రాత్రంతా విశ్రాంతిగా ఉన్న 12 వోల్టుల బ్యాటరీలో మల్టీమీటరు 12.6 వోల్టులు చూపితే చార్జి నిండుగా ఉన్నట్లు, 12.2 చూపితే సగం ఉన్నట్లు. సెల్ఫ్ కొట్టే సమయంలో అది 9.6 కంటే కిందికి పడిపోతుంటే బ్యాటరీకి వయసు మీరింది. బ్యాటరీ బాగుండి కూడా సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంటే టెర్మినళ్ల మీది తెల్లని బూజును వంట సోడా కలిపిన నీళ్లతో కడిగి, ఛాసిస్‌కు బిగించిన ఎర్త్ తీగ మొదలును విప్పి గీకి మళ్లీ బిగించాలి. పాత బండ్లలో సెల్ఫ్ మోటారు మీద పడే నిందలో ఎక్కువ భాగం ఆ తుప్పు పట్టిన ఎర్త్ బోల్టుదే. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వద్ద దాదాపు 13.8 నుండి 14.5 వోల్టుల వరకు ఉండాలి. 12.5 దగ్గరే నిలిచిపోతే బెల్టునో ఆల్టర్నేటరునో చూడాలి.

సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజను అందుకోదు

ముందుగా ఇంజను ఆపే నాబు లోపలికి పూర్తిగా వెళ్లిందో లేదో చూడండి. నాబుకు బదులు తాళంతోనే ఆగే బండ్లలో ఇంజక్షన్ పంపు పక్కన ఉండే స్టాప్ సోలినాయిడ్ (కరెంటుతో కదిలి డీజిలును ఆపే, వదిలే భాగం) తాళం తిప్పగానే కదలాలి. చలికాలం ఉదయం మాత్రమే ఈ ఇబ్బంది వస్తుంటే, గ్లో ప్లగ్గులు (స్టార్టు చేసే ముందు సిలిండరును వేడి చేసేవి) ఉన్న ఇంజను అయితే వాటిని పరీక్షించాలి. గ్లో ప్లగ్గులున్న ఇంజనులోకి స్టార్టింగ్ స్ప్రే కొట్టడం అత్యంత ప్రమాదకరం, అది లోపలే పేలి పిస్టన్లను పగులగొట్టగలదు.

పాత బండిలో తరచుగా కనిపించే కారణం డీజిలు లైనులో గాలి పట్టడం. ట్యాంకు ఖాళీ అయ్యేదాకా నడిపినా, ఫిల్టరు మార్చినా గాలి పడుతుంది. ఫిల్టరు మీది బ్లీడ్ స్క్రూను కొద్దిగా వదిలి, చేతి పంపును కొడుతూ నురుగు ఆగి శుభ్రమైన డీజిలు వచ్చేవరకు చూసి బిగించాలి. తరువాత ఇంజక్షన్ పంపు మీది స్క్రూ వద్ద అదే పని చేయాలి. అప్పటికీ అందుకోకపోతే ఇంజక్టరు పైపుల నట్లను అర చుట్టు వదిలి సెల్ఫ్ కొట్టి, డీజిలు కనిపించగానే బిగించాలి. ఆ సమయంలో చేతిని నట్టుకు దూరంగా ఉంచండి. ఇంజక్టరు నుండి వచ్చే డీజిలు చర్మాన్ని చీల్చుకొని లోపలికి దిగేంత ఒత్తిడితో ఉంటుంది, అలాంటి గాయం పైకి సూది గుచ్చినంతే కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లవలసినదే.

గాలి తీసిన రెండు రోజులకే మళ్లీ గాలి పడుతుంటే అది లోపలికి వచ్చే దారిని వెతకాలి. మా బండిలో ట్యాంకుకూ ఫిల్టరుకూ మధ్యనున్న రబ్బరు పైపు క్లిప్పు కింద వెంట్రుకంత పగిలింది. డీజిలు బయటికి కారలేదు, పీల్చేటప్పుడు గాలి మాత్రం లోపలికి వెళ్లింది. రెండడుగుల పైపు, రెండు క్లిప్పులతో సరిపోయే ఆ పనికి ఒక మెకానిక్కు ఇంజక్షన్ పంపును దించాలన్నాడు. ట్యాంకు మూతలోని గాలి రంధ్రం మట్టితో పూడిపోయినా బండి అరగంట నడిచి ఆగిపోతుంది. అలా ఆగిన వెంటనే మూత తిప్పితే "సుయ్" మని గాలి పీల్చిన చప్పుడు వినిపిస్తుంది.

బరువు పడగానే ఊపు తగ్గి పొగ వస్తుంది

పొగ రంగే సగం సమాధానం చెబుతుంది. నల్లని పొగ అంటే డీజిలుకు తగినంత గాలి అందడం లేదు. ఎయిర్ ఫిల్టరును చూడాలి. ఆయిల్ బాత్ రకమైతే గిన్నెలోని ఆయిలు బురదలా మారి ఉంటుంది. దాన్ని డీజిలుతో కడిగి, గీత వరకు మాత్రమే కొత్త ఆయిలు పోయాలి. కాగితపు ఫిల్టరైతే లోపలి నుండి బయటికి తక్కువ ఒత్తిడితో గాలి కొట్టాలే తప్ప నేలకేసి కొట్టకూడదు. నీలి పొగ ఇంజను ఆయిలు మండుతున్నదని చెబుతుంది. ఆయిలు ఎక్కువ పోసినా ఈ పొగ వస్తుంది కనుక పిస్టన్ రింగుల పనికి దిగే ముందు గేజీ చూడండి. ఉదయం మొదటి నిమిషంలో తెల్లని పొగ మామూలే, ఇంజను వేడెక్కిన తరువాత కూడా ఆగకుండా రేడియేటరులో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గాస్కెట్‌ను (ఇంజను హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే సీలు పొరను) అనుమానించాలి. బండి చల్లగా ఉన్నప్పుడు రేడియేటరు మూత తీసి ఇంజను స్టార్ట్ చేస్తే బుడగలు ఆగకుండా వచ్చినా అనుమానం అటే వెళుతుంది.

వేడి ముల్లు ఎర్ర గీతకు చేరుతుంది

తోట పనిలో దీనికి మొదటి కారణం చెత్త. ఎండుటాకుల పొడి, గడ్డి నూగు రేడియేటరు ముందున్న జాలీకి దుప్పటిలా అంటుకుంటాయి. మా బండి విషయంలో ఖర్చు లేకుండా తీరిన రెండో సమస్య ఇది. జాలీని తీసి దులిపి, రేడియేటరు రెక్కల మధ్యకు ఫ్యాను వైపు నుండి ముందు వైపుకు గాలిగాని సన్నని నీటి ధారగాని కొట్టాలి. ముందు నుండి కొడితే చెత్త ఇంకా లోపలికి కూరుకుపోతుంది. ఫ్యాను బెల్టును మధ్యలో బొటనవేలితో నొక్కితే సుమారు 10 నుండి 12 మిల్లీమీటర్లు మాత్రమే దిగాలి.

పాత యజమాని ఏళ్ల తరబడి బోరు నీళ్లే పోసి ఉంటే రేడియేటరు గొట్టాల లోపల ఉప్పు పేరుకొని ఉంటుంది. బయట ఎంత కడిగినా ముల్లు దిగదు. అలాంటప్పుడు దాన్ని విప్పించి లోపల శుభ్రం చేయించి, కూలెంటును మంచి నీటితో సగం సగం కలిపి పోయాలి. వేడి మీద మూత తీయకూడదన్నది అందరికీ తెలిసినదే అయినా పొలంలో తొందరపడి చేతులు కాల్చుకునేవారు ప్రతి ఊరిలోనూ ఉన్నారు.

లిఫ్టు లేవదు, దిగదు, నిలవదు

బండి ఇంటికి వచ్చిన రోజున రొటావేటరు లేచింది గాని దిగలేదు. పంపు, వాల్వు అంటూ గంటసేపు చర్చ జరిగిన తరువాత సీటు కింద ఉన్న చిన్న నాబును ఒకరు తిప్పారు, రొటావేటరు మెల్లగా నేలకు దిగింది. పనిముట్టు దిగే వేగాన్ని నియంత్రించే నాబు అది. పూర్తిగా మూసివేస్తే లిఫ్టు ఉన్నచోటనే నిలిచిపోతుంది. రోడ్డు మీద తెచ్చేటప్పుడు అమ్మినవారు మూయడం సరైన పనే, మాకు చెప్పకపోవడమే పొరపాటు.

రెండు లీవర్లు ఉన్న ట్రాక్టర్లలో మరొక భ్రమ కలుగుతుంది. పొజిషన్ లీవరు ఎత్తును నిర్ణయిస్తుంది, లీవరు ఎక్కడ ఉంటే పనిముట్టు అక్కడ నిలుస్తుంది. డ్రాఫ్ట్ లీవరు నేల బిగువును బట్టి పనిముట్టును పైకి కిందికి కదుపుతుంది. నాగలికి, గొర్రుకు అది ఉపయోగపడుతుంది. రొటావేటరును డ్రాఫ్ట్ మీద నడిపితే అది తనంతట తానే లేచి పడుతున్నట్లు కనిపించి, హైడ్రాలిక్ చెడిందని అనిపిస్తుంది.

నిజమైన లోపాన్ని పట్టుకోవడానికి ఆ నాబే పనికివస్తుంది. పనిముట్టును ఎత్తి ఇంజను ఆపండి. కొన్ని నిమిషాలలోనే అది కిందికి జారుతుంటే మళ్లీ ఎత్తి, నాబును పూర్తిగా మూసి ఇంజను ఆపండి. ఇప్పుడు నిలిస్తే లీకు కంట్రోల్ వాల్వు వైపు ఉంది, అప్పటికీ జారితే లిఫ్టు సిలిండరులోని పిస్టన్ సీలు పోయింది. ఇంజను నడుస్తున్నప్పుడు లిఫ్టు ఎక్కిళ్లు పెట్టినట్లు కొన్ని క్షణాలకొకసారి ఎగిరిపడటం కూడా ఇలాంటి లోపలి లీకు వల్లనే. ఈ పరీక్షలు చేసే సమయంలో ఎత్తిన పనిముట్టు కిందికి ఎవరూ వెళ్లకూడదు.

లిఫ్టు అసలే నీరసంగా లేస్తూ పంపు కీచుమంటుంటే వెనుక హౌసింగులో ఆయిలు మట్టం తక్కువగా ఉండడమో, పీల్చే జాలీ మూసుకుపోవడమో కారణం. ఆయిలు నురుగుగా ఉంటే పీల్చే పైపు వద్ద ఓ-రింగు గుండా గాలి వెళుతున్నది. చాలా మినీ ట్రాక్టర్లలో గేర్లకు, లిఫ్టుకు, ఆయిలులో మునిగి ఉండే బ్రేకులకు అదే ఆయిలు కనుక చేతికందిన ఇంజను ఆయిలును అక్కడ పోయరాదు. బ్రేకు తొక్కినప్పుడు వెనుక నుండి మూలుగు వస్తుంటే ఎవరో అలా పోశారని అనుమానించండి.

నాలుగు చక్రాల లీవరు బిగుసుకుపోతుంది

దీని గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ లోపం డబ్బు తింటుంది. నాలుగు చక్రాల డ్రైవులో ముందు చక్రాలు వెనుక చక్రాల కంటే కొద్ది శాతం ఎక్కువ వేగంతో లాగేటట్లు గేర్లను తయారు చేస్తారు. దుక్కి నేలలో ఆ తేడా జారుడులో కలిసిపోతుంది. తారు రోడ్డు మీద జారడానికి వీలు లేక గేర్లలో మెలి పేరుకుంటుంది, లీవరు బిగుసుకుంటుంది. బండిని నాలుగడుగులు వెనుకకు నడిపితే మెలి వదిలి లీవరు వస్తుంది. రోడ్డెక్కే ముందు ఈ డ్రైవును తీసివేయడమే పరిష్కారం.

మా బండిలో పొలంలో కూడా లీవరు బిగిసేది, ముందు టైర్ల గుబ్బలు విపరీతంగా అరిగి ఉన్నాయి. పాత యజమాని వెనుక టైర్లను ఒక మెట్టు పెద్ద సైజువి వేయించడమే దానికి మూలమని కొలిచిన తరువాతే తెలిసింది. కొలవడం తేలిక. టైర్ల మీద సుద్దతో గుర్తు పెట్టి, పొలంలో తిన్నగా వెనుక చక్రం 10 చుట్లు తిరిగేవరకు నడిపి, ముందు చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టాలి. ఇలా డ్రైవు వేసి ఒకసారి, తీసి ఒకసారి చేయాలి. ఉదాహరణకు తీసినప్పుడు 16, వేసినప్పుడు 16.5 వస్తే ముందు చక్రాలు 3 శాతం ముందున్నాయి. 1 నుండి 5 శాతం వరకు సాధారణంగా ఫరవాలేదు. డ్రైవు వేసినప్పుడు లెక్క తగ్గితే ముందు చక్రాలను వెనుక చక్రాలు తోస్తున్నాయని అర్థం. మాకు తగ్గింది. కంపెనీ పుస్తకంలోని సైజు టైర్లను వేయించాక లీవరు రెండు వేళ్లతో కదులుతున్నది.

క్లచ్చు, బ్రేకు, గంటల మీటరు

ఇంజను చప్పుడు పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్చు జారుతున్నది. పెడలుకు ఖాళీ కదలిక ఏమీ లేకపోతే ముందు దాన్ని పుస్తకంలో చెప్పినంత వదలాలి. ప్లేటు మార్చకుండానే జారుడు ఆగవచ్చు. బండి ఒక వైపుకు లాగుతూ ఆగితే రెండు బ్రేకు పెడళ్ల ఆట సమానంగా లేదు. రోడ్డు మీద ఆ రెండింటినీ కలిపే కొక్కెం తప్పకుండా వేయాలి, వేగంలో ఒక్క బ్రేకు పడితే బండి తిరగబడుతుంది.

గంటల మీటరును పూర్తిగా నమ్మకండి. కేబులుతో నడిచే మీటరు ఇంజను చుట్లను లెక్కించేది కనుక తక్కువ రేజు మీద నడిచిన గంటలను తక్కువగా చూపుతుంది. కేబులు ఊడదీసి ఉంటే అసలే చూపదు. 800 గంటలు చూపే మీటరు పక్కన క్లచ్చు పెడలు రబ్బరు అరిగి ఇనుము మెరుస్తుంటే పెడలునే నమ్మండి, సర్వీసులను ఆ లెక్కనే చేయించండి.

ఇంజక్షన్ పంపు మీద సీసపు సీలుతో ఉన్న, డీజిలు మోతాదును నిర్ణయించే స్క్రూను మాత్రం ఏ పరిస్థితిలోనూ ఇంటి వద్ద తిప్పవద్దు. దాన్ని సరిచేయడానికి టెస్ట్ బెంచి ఉన్న పంపు మెకానిక్కు వద్దకే వెళ్లాలి. మీరు కొన్న బండిలో ఆ సీలు ముందే తెగి ఉంటే, నల్లని పొగకు కారణం ఎయిర్ ఫిల్టరు కానప్పుడు, వెతకవలసిన చోటు అదే.