ట్రెంట్ నదిలో బార్బెల్‌కు గాలం: ఫీడర్, పెల్లెట్ ఎర

బార్బెల్ ఇంగ్లండ్‌లోని ట్రెంట్ లాంటి నదుల అడుగున మేసే చేప. నోరు కిందికి తిరిగి ఉంటుంది, మూతి దగ్గర నాలుగు మీసాలు. వడి నీటికి ఎదురు నిలిచి, ఆ మీసాలతో కంకరను తడుముతూ మేస్తుంది. కాబట్టి మేత అడుగునే, ఒకే చోట, విడవకుండా పడుతుండాలి. ఫీడర్ చేసే పని అదే: మేత కూరే చిన్న పంజరం, దానికో బరువు. గోదావరిలో తవుడు ముద్దతో గాలం వేసినవాళ్లకు ఇది కొత్త ఆలోచనేం కాదు. ఇక్కడ ముద్ద ఫీడర్‌లో ఉంటుంది, గాలానికి ఒక్క పెల్లెట్ (నొక్కి చేసిన గట్టి మేత గుళిక) ఉంటుంది.

ఇంగ్లండ్ నదుల్లో మార్చి 15 నుంచి జూన్ 15 దాకా ఈ వేట నిషిద్ధం. మిగతా రోజుల్లో 13 ఏళ్లు నిండిన ఎవరికైనా రాడ్ లైసెన్స్ ఉండాలి. ఆ ఒడ్డు ఏ క్లబ్బుదో వాళ్ల టికెట్ వేరే.

రాడ్ 12 అడుగులది, 1.75 పౌండ్ల టెస్ట్ కర్వ్ (రాడ్ కొనను లంబకోణంలో వంచడానికి పట్టే బరువు) చాలు. రీలుకు 12 పౌండ్ల బరువు ఆపే మోనో (ఒంటిపోగు నైలాన్) లైన్. ఇంతకన్నా సన్న లైన్ కంకరకు రాసుకుని తెగుతుంది. ఫీడర్ ఉన్న స్వివెల్‌ను (గుండ్రంగా తిరిగే చిన్న లోహపు కొక్కెం) లైన్‌పై జారేలా ఎక్కించి, రబ్బరు పూస, ఆ కింద ఇంకో స్వివెల్, దానికి 10 పౌండ్ల హుక్ లెంత్ (గాలం ఉండే చివరి లైన్ ముక్క) 75 సెంటీమీటర్లు కట్టండి. నీళ్లు తేటగా ఉంటే మీటరు దాకా పెంచండి. ఫీడర్‌ను ఎప్పుడూ ముడేసి బిగించొద్దు. పైన లైన్ తెగితే ఫీడర్ జారిపోవాలి. లేకపోతే చేప దాన్ని ఈడ్చుకుంటూ తిరిగి ఎక్కడో చిక్కుకుని చస్తుంది.

8 మి.మీ. పెల్లెట్‌కు 10వ నంబరు గాలం సరిపోతుంది. పెల్లెట్‌ను గాలానికి గుచ్చకూడదు. గాలం వెనక చిన్న పోగు వదిలి, దాని చివర రబ్బరు బ్యాండ్‌లో ఇరికించాలి. పెల్లెట్‌కూ గాలం వంపుకూ మధ్య అర సెంటీమీటరు సందు ఉండాలి. సందు లేకపోతే ముల్లు పెదవికి దిగదు.

మేత కలపడంలోనే చాలామంది తప్పుతారు. కిలో చేపపొడి గ్రౌండ్‌బెయిట్‌కు (ఫీడర్‌లో కూరే పొడి మేత) దాదాపు అర లీటరు నీళ్లు, అదీ కొంచెం కొంచెంగా. పావుగంట నాననిచ్చి, తడి చాలకపోతే ఇంకాస్త చల్లి, ఉండలు లేకుండా జల్లించండి. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, వేలితో నలిపితే విడిపోవాలి. ఫీడర్‌కు రెండు చివర్లా ఈ పొడి, మధ్యలో 3 లేదా 4 మి.మీ. పెల్లెట్లు. నింపిన ఫీడర్‌ను ముందు కాళ్ల దగ్గరి నీళ్లలో ముంచి చూడండి: రెండు మూడు నిమిషాల్లో ఖాళీ అవ్వాలి. మునగకముందే రాలిపోతే గట్టిగా నొక్కండి. పది నిమిషాలైనా కదలకపోతే తడి ఎక్కువైనట్టే.

వేసవిలో నాలుగైదు గంటలకు కిలో పొడి, అర కిలో పెల్లెట్లు పడతాయి. నీరు 8 డిగ్రీల కిందికి దిగితే అందులో పావు వంతు చాలు. హాలిబట్ పెల్లెట్లలో (హాలిబట్ చేపల మేతగా చేసే రకం) నూనె ఎక్కువ. చల్లటి నీళ్లలో అది సరిగా విడుదల కాదు, అప్పుడు నూనె తక్కువున్న 6 మి.మీ. రకమే మేలు.

మొదటి అరగంట ఐదు నిమిషాలకోసారి, ఆ తర్వాత 15–20 నిమిషాలకోసారి విసరండి. దూరం తప్పకుండా లైన్‌ను రీలు క్లిప్‌కు తగిలించండి. ఫీడర్ నీటిని తాకే ముందు వేలితో లైన్‌ను మెల్లగా ఆపితే హుక్ లెంత్ చాచుకుని పడుతుంది, చిక్కుపడదు. పడ్డ వెంటనే క్లిప్‌లోంచి లైన్ తీసేయండి. మరిచారో, బార్బెల్ మొదటి పరుగుకే లైన్ తెగుతుంది.

బరువు ఎంత? ఫీడర్ అడుగున పట్టీ పట్టనట్టు నిలవాలి. రెండు ఔన్సులతో మొదలెట్టి, దొర్లిపోతే మూడు. క్రామ్‌వెల్ వియర్ (నదికి అడ్డుకట్ట) దిగువన సముద్రపు పోటు తగిలే ట్రెంట్‌లో ఐదారు కూడా కావాల్సి రావచ్చు. అయితే బరువు పెంచే ముందు ఇంకాస్త లైన్ వదిలి చూడండి. లైన్ బిగుతుగా ఉంటే ప్రవాహం దాన్ని తోసి ఫీడర్‌ను కదిలిస్తుంది. విల్లులా వంగనిస్తే తేలికపాటి ఫీడరూ ఆగుతుంది. రాడ్ కొన పైకెత్తి పెడితే నీళ్లలో ఉండే లైన్ తగ్గుతుంది. ఆకులు రాలే కాలంలో చెత్త లైన్‌కు పట్టి అంతా లాక్కుపోతుంది. అప్పుడు ఒడ్డు దగ్గరే వేయడం మంచిది.

కొన చిన్నగా టకటకలాడితే అది చబ్ చేప కావచ్చు, కదిలించకండి. బార్బెల్ పట్టిందంటే అడగక్కర్లేదు, రాడ్ మొత్తం వంగిపోతుంది. గట్టిగా గుంజకుండా రాడ్ ఎత్తితే చాలు. రీలు ఫ్రీస్పూల్‌లో (చేప లాగితే లైన్ దానంతట అదే వదిలేలా) పెట్టకుండా పక్కకు వెళ్తే రాడ్ నదిలోకి పోతుంది.

ఈ చేప ఓపిక పూర్తిగా అయిపోయేదాకా పోరాడుతుంది. వలను నీళ్లలోనే ఉంచి గాలం తీయండి. వీపు రెక్క మొదటి ముల్లు రంపంలా ఉండి వలకు తగులుకుంటుంది, కీప్‌నెట్‌లో (పట్టిన చేపల్ని నీళ్లలో ఉంచే వల సంచి) వేయొద్దు. తల ప్రవాహానికి ఎదురుగా ఉంచి, దానంతట అది తోక కొట్టి వెళ్లేదాకా పట్టుకోండి. పది నిమిషాలు పట్టినా సరే. నీరు 20 డిగ్రీలు దాటి, నది తగ్గి ఉంటే ఆ రోజు వేట మానేయండి. ఇక కూర సంగతి: 20 సెంటీమీటర్లు మించిన బార్బెల్‌ను ఇంటికి తీసుకెళ్లడం నిబంధనలకు విరుద్ధం. పైగా దాని గుడ్లు విషం, తిన్నవాళ్లకు వాంతులు, విరేచనాలు.