ప్రభువు బల్లకు (చర్చిలో యేసును తలచుకుంటూ రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆచారం) ముందు మిమ్మల్ని మీరు పరీక్షించుకుంటున్నారా? ఈ జాగ్రత్తలు చూడండి

- శనివారం సాయంత్రమే కూర్చోండి, ఆదివారం పొద్దున హడావిడిలో ఇది కుదరదు.
- ముందు బైబిల్లో 139వ కీర్తన చివరి రెండు వచనాలు ప్రార్థనగా చదవండి.
- పక్కవాళ్ల భక్తితో పోల్చుకోవద్దు. 1 కొరింథీ 11:28లో పౌలు ఎవరిని వారే పరీక్షించుకోమన్నాడు.
- ఎవరితోనైనా మాటల్లేకపోతే, ముఖ్యంగా ఆస్తి గొడవల్లో దూరమైన అన్నదమ్ములతో, మత్తయి 5:24 చెప్పినట్టు ముందు వెళ్లి సమాధానపడండి, కనీసం ఫోన్ అయినా చేయండి. చాలామంది దాటేసేది ఇదే, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే.
- పాపం గుర్తొస్తే దాచకుండా ఒప్పుకోండి, 1 యోహాను 1:9 క్షమాపణ ఉందంటోంది.
- మనసులో సందేహాలున్నాయని టెన్షన్ పడి బల్లకు దూరమైపోవద్దు. మార్కు 9:24లో బిడ్డను బాగుచేయమని వచ్చిన ఒక తండ్రి తన నమ్మకాన్నీ అపనమ్మకాన్నీ ఒకేసారి యేసు ముందు పెట్టాడు, ఆయన పొమ్మనలేదు, బిడ్డను బాగుచేశాడు. మరీ నలిగిపోతుంటే పాస్టరుగారితో మాట్లాడండి.