అల్లాయ్ వీల్స్ కొనేముందు తూకం వేయించండి

విజయవాడ ఆటోనగర్‌లో చిన్న కారుకు అల్లాయ్ వీల్స్ కొనాలనుకుంటే డిజైన్ తర్వాత చూడండి, ముందు చక్రాన్ని కాటా మీద పెట్టమనండి. అల్లాయ్ అనగానే తేలిక అనుకుంటాం గానీ, సైజు పెరిగితే కారుతో వచ్చిన ఇనుప చక్రం కంటే బరువే ఉండొచ్చు. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఆగుతూ కదులుతూ నడిచే కారుకు ఆ బరువు పికప్‌లో తెలుస్తుంది, మైలేజీలోనూ తెలుస్తుంది.

సైజు మార్చినా టైరు మొత్తం ఎత్తు మారకూడదు. 165/80 ఆర్14 (ఆర్ తర్వాతి అంకె చక్రం సైజు, అంగుళాల్లో) బదులు 185/65 ఆర్15 వేస్తే ఎత్తు రెండింటికీ సుమారు 620 మిల్లీమీటర్లే, కాబట్టి స్పీడోమీటర్ లెక్క తప్పదు. 16 అంగుళాల జోలికి నేనైతే వెళ్లను. ఎత్తు అంతే ఉంచాలంటే టైరు గోడ పొట్టిదవ్వాలి, అప్పుడు గుంతలో పడితే దెబ్బ నేరుగా రిమ్‌కే. లోడ్ ఇండెక్స్, అంటే టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె, అది కూడా పాత టైరు కంటే తగ్గనివ్వకండి.

బిల్లు కట్టేముందు టైరు పక్క గోడ మీద తయారీ తేదీ చూడండి. 2324 అని ఉంటే 2024లో 23వ వారం.

గాలి పొద్దున్నే, బండి తీయకముందే చెక్ చేయించండి. మన ఎండలకు వేడెక్కిన టైరులో రీడింగ్ ఎక్కువే చూపిస్తుంది, అది చూసి గాలి తీయించకండి.